సగం కప్పు చాయ్

ఎంబీఏ రెండో సంవత్సరంలో మాకు వ్యాపార నీతి, కార్పొరేట్ పాలన అని ఒక పేపరు ఉండేది. క్లాసులో అందరం దాన్ని ఎథిక్స్ అనేవాళ్లం. మొత్తం కోర్సులో దొంగ హాజరు ఎక్కువగా పడింది ఆ క్లాసులోనే. వెనక బెంచీలో ఒకమ్మాయి నాలుగు గొంతులతో నలుగురికి పలికేది. మేడమ్ తల ఎత్తకుండా నలుగురికీ హాజరు వేసేవారు. ఆ తర్వాత గదిలో నిజంగా ఉన్నవాళ్లను లెక్కపెట్టి ఆ అంకెను బోర్డు మీద ఒక మూల రాసేవారు. దాని పక్కనే పట్టీలో పడిన హాజరు అంకె కూడా రాసి, రెండింటి గురించీ ఒక్క మాట అనకుండా పాఠం మొదలుపెట్టేవారు. మొదటి నెలంతా మేము అది తేదీ అనుకున్నాం.

ఆ పేపరుకు ఒక ప్రాజెక్టు ఉంది. ఏదైనా ఒక సంస్థను ఎంచుకొని, అక్కడ నిర్ణయాలు ఎవరు ఎలా తీసుకుంటారో కళ్లారా చూసి రాయాలి. ఆ సంస్థ బాధ్యుడి సంతకం, ముద్ర ఉన్న పత్రం జతచేయాలి. పత్రం లేకపోతే ప్రాజెక్టు మార్కులు లేవు, అవి లేకపోతే పేపరు పోయినట్టే. పేపరు పోయినవాళ్లను క్యాంపస్ ఇంటర్వ్యూలకు కూర్చోనివ్వరు. నా తోటివాళ్లు పెద్ద పెద్ద కంపెనీలు పట్టుకున్నారు. ఆ కంపెనీల వెబ్‌సైట్లలో ‘మా విలువలు’ అనే పేజీ ఉంటుంది కాబట్టి వాళ్ల పని సగం అక్కడే అయిపోయింది. నేను మా గల్లీ పాలోళ్ల సంఘాన్ని ఎంచుకున్నాను. గొప్ప ఆశయం ఏమీ లేదు. కంపెనీలకు పోవాలంటే రెండు బస్సులు మారాలి, సంఘం మా ఇంటికి నాలుగు అడుగుల దూరం.

మాది ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీ. మా బాపుకు ఆరు బర్రెలు. మా గల్లీ, పక్క గల్లీ కలిపి పాల వ్యాపారం చేసే ఇళ్లు పదమూడు. కొన్ని మాలాంటి ఇళ్లు, కొన్ని ముస్లింల ఇళ్లు. అందరికీ కలిపి ఒక గది, ఆ గదిలో పాలు చల్లబరిచే స్టీలు ట్యాంకు. పొద్దునా సాయంత్రం ఎవరి క్యాను వాళ్లు తెచ్చి అందులో పోస్తారు, వ్యాను వచ్చి తీసుకుపోతుంది. ట్యాంకు ఒకటే కాబట్టి ఒకరి పాలు చెడిపోతే పదమూడు ఇళ్ల పాలూ పోతాయి. అందుకని పోసే ముందు ప్రతి క్యానునూ ఒక మనిషి చూసి సరే అనాలి. ఆ మనిషి చాచా.

చాచా మా బాపు కంటే అయిదారేళ్లు పెద్ద. పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరు ముంచేవాడు కానీ దాని వైపు చూసేవాడు కాదు. ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకొని, అది జారే తీరు చూసి, వాసన చూసి ‘చలో’ అనేవాడు. లేదా ‘నక్కో’ అనేవాడు. నక్కో అంటే ఆ క్యాను వెనక్కి పోవాల్సిందే, ఎవరిదైనా సరే. మా బాపు క్యానును నా ఎదురుగానే రెండుసార్లు వెనక్కి పంపాడు. రెండోసారి కూడా బాపు కిమ్మనకుండా ఇంటికి మోసుకొచ్చాడు. అమ్మ ఆ పాలతో కోవా చేసింది. ఆ శుక్రవారం నమాజు అయ్యాక చాచా ఎప్పటిలాగే మా ఇంటికొచ్చి, బాపు పక్కన మంచం మీద కూర్చొని, ఆ కోవా తిని బాగుందన్నాడు. నేను పుట్టక ముందు నుంచీ వాళ్లిద్దరి శుక్రవారాలు అలాగే గడుస్తున్నాయి.

సంఘం కార్యదర్శి నాకు వరసకు కాక, అంటే బాబాయి. ఆయన క్యాను ఒకే నెలలో మూడుసార్లు వెనక్కి పోయింది. ఆ తర్వాత ఆయనకు సంఘం నియమాల మీద ఉన్నట్టుండి గౌరవం పుట్టింది. బర్రె లేనివాళ్లకు సంఘంలో సభ్యత్వం ఉండదని ఒక పాత నియమం ఉంది. మోకాళ్లు పోయి, కొడుకులు వేరే పనుల్లో పడి, చాచా ఆ చలికాలమే తన చివరి బర్రెను అమ్మేశాడు. కాబట్టి చాచాను తీసేయాలి, పాలు చూసే పనిలో కొత్త మనిషిని పెట్టాలి అని కాక సర్వసభ్య సమావేశం పిలిచాడు. ఆ కొత్త మనిషి కాక బావమరిది. చాచాకు ఆ పని పోతే ఇంట్లో కూర్చోవడం తప్ప ఇంకేమీ మిగలదని గల్లీలో అందరికీ తెలుసు.

నేను పత్రం పట్టుకొని సంతకం కోసం కాక దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని మూడుసార్లు చదివాడు.

“మీటింగ్ నాడు రా బిడ్డా. నువ్వు చూసినంక సంతకం జేస్త. చూడకముందే జేస్తే తప్పు గదా” అన్నాడు.

సూత్రం ప్రకారం అది సరైన మాటే. మేడమ్ విని ఉంటే మెచ్చుకునేవారు.

మా సంఘంలో ఓటు ఎలా వేస్తారో ఇక్కడ చెప్పాలి. ఒకప్పుడు చేతులెత్తేవాళ్లట. అందరూ అన్నదమ్ములు, వియ్యంకులు, పక్కింటివాళ్లు. ఎదురుగా కూర్చున్న మనిషికి వ్యతిరేకంగా చెయ్యెత్తితే ఆ లొల్లి పెళ్లిళ్ల దాకా సాగేది. అందుకని పెద్దవాళ్లెవరో ఒక దారి కనిపెట్టారు. కార్యదర్శి సంగతి చెప్తాడు, అందరి ముందూ చాయ్ పెడతారు. ఒప్పుకున్నవాళ్లు తాగుతారు. ఒప్పుకోనివాళ్లు ముట్టరు. అది చిక్కటి బర్రెపాల చాయ్ కాబట్టి ముట్టని కప్పు మీద కాసేపట్లో మీగడ కడుతుంది. అప్పుడు మీగడ కట్టిన కప్పులు ఒక పక్క, ఖాళీ కప్పులు ఒక పక్క పెట్టి లెక్కపెడతారు. ఎవరూ ఎవరినీ ఏమీ అననట్టే, చాయ్ గురించి వర్షాల గురించి మాట్లాడుకుంటూనే పని అయిపోతుంది. రెండు పక్కలూ సమానమైతే పాత పద్ధతే సాగుతుంది. నా ప్రాజెక్టులో దీన్ని మొదట రహస్య ఓటింగ్ అని రాసి, తర్వాత కొట్టేశాను.

సమావేశం నాడు పొద్దున మా పెద్ద బర్రెకు నొప్పులు మొదలయ్యాయి. ఈనే బర్రెను వదిలి బాపు ఎక్కడికీ పోడు.

“నువ్వు ఎట్లాగూ పోతున్నవ్ గదా. నా జాగల కూసో. చాయ్ మాత్రం ముట్టకు” అన్నాడు.

“గంతేనా బాపు?”

“గంతే. కప్పు ముందల పెట్టుకొని కూసో, సాలు.”

ఒక తండ్రి బిడ్డకు అప్పగించగలిగిన పనుల్లో ఇంతకంటే తేలికైనది ఉండదు. ఏమీ చేయకుండా కూర్చోవాలి.

ట్యాంకు గదిలో చాపలు వేశారు. నేను బాపు జాగాలో నోటుబుక్కు తీసుకొని కూర్చున్నాను. కాక నా పక్కనే కూర్చొని నా పత్రాన్ని తన మోకాలి మీద పరిచి పెట్టుకున్నాడు. చాచాను సంఘంలోంచి తీసేసే సంగతి, బావమరిదిని పెట్టే సంగతి రెండూ ఒకే వాక్యంలో చెప్పాడు. స్వప్రయోజనాల వైరుధ్యం అని నేను నోటుబుక్కులో రాసి, కింద రెండు గీతలు గీశాను. నా చేతిరాత ఆ రోజు చాలా బాగుంది.

చాయ్ పోసింది చాచానే. సంఘంలో ఎప్పుడూ ఆయనే పోస్తాడు. ఈ ఒక్కసారికి ఇంకెవరైనా పోస్తారులే అని ఒకాయన అంటే, “క్యోం, నా చేతికి ఏమైంది?” అని కెటిల్ తీసుకున్నాడు. తన గురించిన సంగతి కాబట్టి తనకు కప్పు పెట్టుకోలేదు. మిగతా పన్నెండు కప్పులూ నింపాడు. నా ముందు కప్పు పెడుతూ, “గరం ఉంది బేటా, నోటుబుక్కు మీద పడ్తది. పక్కకు పెట్టుకో” అన్నాడు. అది బాపు కప్పు అని ఆయనకు తెలుసు. అది అలాగే చల్లారిపోతుందని కూడా ఆయనకు అనుమానం లేదు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. నాకు అక్కడ రెండు పదవులున్నాయి. ఒకటి బాపు తరఫు మనిషిని, రెండోది పక్షపాతం లేని పరిశీలకురాలిని. ఒకే మనిషికి రెండు పొసగని పదవులుంటే ఆ మాట అందరికీ చెప్పి ఒకటి వదులుకోవాలని మేడమ్ మూడో పాఠంలోనే చెప్పారు. నేను ఎవరికీ చెప్పలేదు, ఏదీ వదులుకోలేదు. పరిశీలకురాలు చాయ్ తాగితే ఒక పక్షం, తాగకపోతే ఇంకో పక్షం అవుతుంది గదా అని ఆలోచించాను. బాగా ఆలోచించి సగం తాగాను.

ఇంత తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పదమూడు ఇళ్లవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరు కూడా చేయని పని అది. సగం తాగిన కప్పును ఆ గదిలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

లెక్కపెట్టే సమయానికి ఖాళీ కప్పులు ఆరు, ముట్టని కప్పులు అయిదు. మధ్యలో నా కప్పు. దాంట్లో సగం చాయ్ ఉంది, ఆ సగం మీద కూడా మీగడ కట్టింది.

“మీగడ కట్టింది గదా. తాగనట్టే లెక్క” అన్నాడు చాచా ఇంటి పక్క ముసలాయన.

“మరి సగం యాడికి బోయింది? ఆవిరైందా?” అన్నాడు కాక బావమరిది. ఆయనకు అక్కడ మాట్లాడే హక్కు లేదు. అదీ నేను నోటుబుక్కులో రాశాను.

“మూతి ముట్టినంక ఇగ ముచ్చటేంది” అని ఇంకొకరు.

“ఆడపిల్ల, దూప అయి తాగింది. గదొక ఓటా?” అని మరొకరు.

అలా కాసేపు నడిచింది. నాది తాగని కప్పు అయితే ఆరుకు ఆరు, చాచా ఉంటాడు. తాగిన కప్పు అయితే ఏడుకు అయిదు, చాచా పోతాడు. ఆ లెక్క గదిలో అందరికీ తెలుసు, అందరికంటే ముందు నాకు తెలుసు. చివరికి కాక నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

“నువ్వే చెప్పు బిడ్డా. తాగినవా, లేదా?”

అడుగుతూ పెన్ను క్యాపు తీశాడు. పెన్ను నా పత్రం మీద, సంతకం చేయాల్సిన గీతకు కొంచెం పైన ఆగింది. మా బాపు వద్దన్నాడు, ఇది బాపు ఓటు అని చెప్పడానికి అదే సమయం. ఒక్క మాట చాలు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు, చాచా ఒక్కడే కెటిల్ మూత పెడుతూ అటు తిరిగి ఉన్నాడు.

“తాగిన” అన్నాను.

కాక సంతకం చేశాడు. ముద్ర కొంచెం పక్కకు పడితే, మళ్లీ సరిగ్గా వేసిచ్చాడు.

చాచా కప్పులన్నీ తనే కడిగాడు. కడిగి బోర్లించి, లాక్టోమీటరు తుడిచి మేకుకు తగిలించి, చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. నాతో ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంటికొస్తే బాపు గడ్డితో దూడను తుడుస్తున్నాడు.

“ఏమైంది?” అన్నాడు.

“చాచాను తీసేసిన్రు. నేను తాగిన బాపు.” కాసేపాగి, “సగమే” అన్నాను.

బాపు తుడవడం ఆపలేదు. చాలాసేపటికి, “ఆడదూడ పుట్టింది” అన్నాడు. ఎందుకు తాగినవని అడగలేదు. ఆ సాయంత్రం పాలు పిండాక చొక్కా వేసుకొని ఎటో వెళ్లొచ్చాడు. ఎటు పోయాడని నేనూ అడగలేదు.

తర్వాతి శుక్రవారం చాచా మా ఇంటికి రాలేదు. ఆ తర్వాతి శుక్రవారమూ రాలేదు. బాపు మంచం వాకిట్లోకి తెచ్చి వేసి, ఒక్కడే కూర్చొని, కాసేపటికి మళ్లీ లోపల పెట్టేసేవాడు. రోడ్డు మీద చాచా ఎదురొస్తే బాపే పక్క సందులోకి తిరిగేవాడు. నా మీద కోపంతో చాచా రావట్లేదని, నా వల్ల తల కొట్టేసినట్టయి బాపు తప్పించుకు తిరుగుతున్నాడని అనుకున్నాను. నాకు చాలా బాధగా ఉండేది. ఆ బాధతోనే కూర్చొని ప్రాజెక్టు పూర్తి చేశాను. జరిగింది ఎలా రాయాలో తెలియక, ‘ఒక కప్పు విషయంలో సభ్యుల మధ్య భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి’ అని రాశాను. అలా రాస్తే ఆ కప్పు ఎవరిదో ఎవరూ అడగరు.

కొత్త మనిషి పని మొదలుపెట్టాడు. లాక్టోమీటరును శ్రద్ధగా చూస్తాడు, అది ఏం చూపించినా ‘చలో’ అంటాడు. మా గల్లీలో అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఎండలు ముదిరాక ఒక సాయంత్రం ట్యాంకులో పాలు మొత్తం విరిగిపోయాయి. ఎండల వల్ల అని సంఘం తీర్మానించింది. చాయ్ అందరూ తాగారట.

రెండు నెలల తర్వాత వైవా పెట్టారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నా ప్రాజెక్టు తిరగేసి, చాయ్ దగ్గర ఆగి, నవ్వి, ఇలాంటిది తాను ఎక్కడా చదవలేదన్నాడు. స్వతంత్రత అంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. బాగా చెప్పాను. మేడమ్ తలూపారు.

“సమావేశంలో మీరు కూడా కూర్చున్నారు కదా. మీరు అక్కడ ఉండటం వల్ల నిర్ణయం ఏమైనా మారిందా?” అని అడిగాడు.

“లేదు సర్” అన్నాను.

తడుముకోకుండా అన్నాను. మేడమ్ నా వైపు ఒకసారి చూసి, తన ముందున్న కాగితం మూలన ఏదో రాసుకున్నారు. ఏం రాసుకున్నారో నాకు తెలియదు. బస్సులో కూర్చున్నాక సిగ్గేసింది. ఫలక్‌నుమాలో దిగి ఇంటికి పోకుండా నేరుగా చాచా ఇంటికి పోయాను.

బర్రెలు కట్టేసే చోట ఇప్పుడు కిరాయికున్నవాళ్ల స్కూటర్లున్నాయి. చాచా వాకిట్లో కుర్చీ వేసుకొని స్టేషన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నన్ను చూసి, “ఆ, రా బేటా. పరీచ్చ ఎట్లయింది?” అన్నాడు. కోపం ఛాయలేమీ లేవు. నాకేమీ అర్థం కాలేదు.

“చాచా, ఆనాటి చాయ్...” అని మొదలుపెట్టాను.

“ఛోడో. నీదేమున్నది అండ్ల? మీ బాపు గా దినమే సాయంత్రం వచ్చి చెప్పిండు. ‘నేనే తాగుమని చెప్పిన, నీకు వయసైంది, ఇగ ఇంట్ల కూసో’ అన్నడు. నువ్వు బాపు మాట విన్నవ్. మంచి పిల్లవు.” కొంచెం ఆగి, “ఆయన మాత్రం గట్ల జేస్తడనుకోలే” అన్నాడు.

పక్కనున్న మెట్టు మీద కూర్చున్నాను.

“బాపు తాగొద్దనే చెప్పిండు చాచా. నేనే తాగిన.”

ఆయన నా వైపు పూర్తిగా తిరిగాడు. “ఎందుకు?”

పక్షపాతం లేకుండా ఉండటం గురించి చెప్పబోయాను. రెండు పదవులు, సగం కప్పు, మూడో పాఠం, అన్నీ నాలుక చివర ఉన్నాయి. ఆ మనిషి మొహం చూస్తూ అవి చెప్పడానికి నోరు రాలేదు.

“సంతకం కోసం” అన్నాను.

“ఇచ్చిండా మరి?”

“ఇచ్చిండు.”

చాచా తలూపాడు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకొని లేచి, చెప్పుల కోసం కాళ్లతో వెతికి, “నడు” అన్నాడు. మోకాళ్ల నొప్పితో నెమ్మదిగా నడిచాడు. నేను వెనక నడిచాను. దారిలో ఇద్దరు ముగ్గురు సలాం చేస్తే కూడా ఆగలేదు.

బాపు బర్రె కింద కూర్చొని పాలు పిండుతున్నాడు. తలెత్తి చాచాను చూశాడు, ఆయన వెనక నన్ను చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే అంతా తెలిసిపోయింది. చేతిలోంచి పొదుగు వదిలేశాడు.

“రెండు నెలలు. దో మహీనే నీతోని మాట్లాడలే నేను” అన్నాడు చాచా.

బాపు లేచి నా వైపు వచ్చాడు. నా జీవితంలో బాపు నా మీద గొంతు పెంచడం అదొక్కసారే.

“నిన్నెవరు చెప్పుమన్నరు? నన్నేమన్న అనుకోనీ. నా బిడ్డను ఏమన్న అనుకుంటే ఎట్ల?”

అని, పాల చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

ఆ వారమే మార్కులు వచ్చాయి. ఎథిక్స్‌లో క్లాసు మొత్తానికి నాకే ఎక్కువ. ఆ మాట మా ఇంట్లో ఇంతవరకు చెప్పలేదు.